ముప్పై ఏడు, హాజరు

పాత సిబ్బందిని ఎక్కించుకున్న బస్సు రేవు గేటు దాటి మలుపు తిరిగేదాకా బాబాయ్ ఓడ మెట్ల దగ్గరే నిలబడ్డాడు. బస్సులోంచి అందరూ చేతులూపారు. ఒకడైతే టోపీ తీసి మరీ ఊపాడు. బాబాయ్ కూడా చెయ్యెత్తాడు గానీ, చేతిలో నూనెగుడ్డ ఉందన్న సంగతి ఎత్తాక గానీ గుర్తు రాలేదు. అప్పటికే బస్సు కనుమరుగైంది. ఏం చెయ్యాలో తోచక అదే గుడ్డతో మెట్ల పిడి తుడిచాడు. పిడి నిండా నూనె పులిమి, తనను తానే తిట్టుకుని లోపలికి వెళ్ళాడు.

ఆయన అసలు పేరు ఓడలో ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. ఇంజన్ గదిలో చేరిన కొత్తలో ఎవరో బాబాయ్ అన్నారు, అంతే. కెప్టెన్లు మారినా ఆ పిలుపు మారలేదు. అది గస్తీ ఓడ. దొంగసరుకు పడవల్ని తరమడం, దారి తప్పిన చేపల పడవల్ని వెనక్కి లాక్కురావడం దాని పని. ముసల్దైపోయిందని ఇక్కడి నౌకాదళం దాన్ని పొరుగు దేశం నౌకాదళానికి ఇచ్చేసింది. ఇచ్చినవాళ్ళకి పాతది, పుచ్చుకున్నవాళ్ళకి కొత్తది. రెండు దేశాలవాళ్ళూ మాట్లాడేది ఒకటే భాష, యాస ఒక్కటే వేరు. కొత్తవాళ్ళకి ఇంజన్ల పోకడ పట్టుబడేదాకా ఒక మనిషి ఓడతోపాటు వెళ్ళాలని ఒప్పందం రాసుకున్నారు. ఎవరెళ్తారని అడిగితే అందరూ ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు. పెళ్ళాం పిల్లలున్న వాళ్ళు మరి. బాబాయ్ చెయ్యెత్తాడు.

"నీకేం బాబాయ్, నీకోసం ఎదురుచూసే వాళ్ళెవరున్నారు" అన్నాడు పాత కెప్టెన్, భుజం తట్టి. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. ఆ మెచ్చుకోలు అన్నంలో రాయిలా తగిలింది బాబాయ్‌కి. నవ్వేసి ఊరుకున్నాడు.

బయల్దేరేముందు చెల్లెలికి ఫోన్ చేశాడు. సెలవులకి వెళ్ళేది ఆవిడింటికే. ఆవిడ ఓడ సంగతి అడిగింది, ఆరోగ్యం అడిగింది, బీపీ బిళ్ళలు వేసుకుంటున్నావా అని అడిగింది. ఆఖర్న గొంతు తగ్గించి, "అన్నయ్యా, వచ్చేముందు ఒక్క మాట చెప్పు. నీ గదిలో కుట్టుమిషను పెట్టించాను. చెప్తే ఆ రోజుకి జరిపిస్తాను" అంది. ఎందుకులే జరపడం, హాల్లో పడుకుంటాలే అన్నాడు బాబాయ్. అడగడం ఆయనకి చిన్నప్పట్నించీ చేతకాదు. అడక్కుండానే ఎవరైనా గమనించాలని మాత్రం లోపల ఒక పిచ్చి ఆశ ఉండేది. దాన్ని ఎవరికీ కనపడనివ్వలేదు.

కొత్త సిబ్బంది ముప్పై ఆరుగురు. సముద్రంలోకి వెళ్ళాక పొద్దునా సాయంత్రమూ ఓడ వెనక డెక్కు మీద వరసగా నిలబడి ఎవరి అంకె వాళ్ళు చెప్పాలి. ఎవరైనా నీళ్ళలో పడ్డా, ఎక్కడైనా ఇరుక్కున్నా బయటపడేది ఆ లెక్కలోనే. మొదటిరోజు పొద్దున్న బాబాయ్ తలుపు పక్కన ఒదిగి నిలబడి చూస్తున్నాడు. లెక్క ముప్పై ఆరుతో ఆగింది. కొత్త కెప్టెను సన్నగా, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా మర్యాదగా ఉంటాడు. బాబాయ్‌ని చూసి కాసేపు ఆలోచించాడు. ఈయన వాళ్ళ దళం మనిషి కాదు, పాత దళం ఓడ దిగిపోయింది. ఎటూ కాని మనిషి.

"మీరు చివర నిలబడండి. ముప్పై ఏడు అనండి. ఓడ మీదున్న ప్రతి ప్రాణమూ లెక్కలో ఉండాలి" అన్నాడు.

బాబాయ్ చివరికి వెళ్ళి నిలబడి, "ముప్పై ఏడండీ" అన్నాడు. పాత సిబ్బంది పద్ధతిలో ఆ 'అండీ'ని కాస్త సాగదీసి అన్నాడు. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అంకెకి కూడా గౌరవం ఇచ్చే మనిషిని వాళ్ళెప్పుడూ చూడలేదు.

ఇంజన్ గది కొత్త పెద్ద ఒకావిడ. జుట్టు గుడ్డతో బిగించి కట్టుకునేది, కళ్ళజోడు దారానికి వేలాడుతూ ఉండేది. ఎక్కువ మాట్లాడదు. ఇంజను మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు చూసేది. బాబాయ్ ఆవిడకి అన్నీ చూపించాడు. ముఖ్యంగా కుడి ఇంజను సంగతి. దానికి నూనె వడపోసే డబ్బాలు జంటగా ఉంటాయి. సముద్రం పొంగితే ట్యాంకు అడుగున ఉన్న మడ్డి కదిలి డబ్బా మూసుకుపోతుంది, ఇంజను గొంతు పడిపోతుంది. అది వినగానే మీట అటు తిప్పి రెండో డబ్బా మీదికి మార్చాలి. ఆలస్యమైతే ఇంజను ఆగిపోతుంది. ఇది చెప్పాడు. భోజనాల దగ్గర మళ్ళీ చెప్పాడు. మర్నాడు పొద్దున్న మళ్ళీ మొదలుపెడితే ఆవిడ నవ్వి, "చెప్పారు కదండీ" అంది. నిజమే, చెప్పాడు. ఆవిడ మీట తిప్పి చూపించింది కూడా, తప్పేమీ లేదు. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదన్న సంగతి ఆ క్షణంలో బాబాయ్‌కి తెలిసొచ్చింది.

భోజనాల బల్ల దగ్గర ఆయన వెళ్ళి కూర్చుంటే వాళ్ళంతా సర్దుకుని చోటిచ్చేవాళ్ళు. గురువుగారికి ముందు వడ్డించండి అనేవాళ్ళు. అక్కడే వచ్చింది చిక్కు. ఆయన కూర్చోగానే బల్ల మీద నవ్వులు ఆగిపోయేవి. తమ ఊళ్ళ సంగతులూ, తమ గొడవలూ వాళ్ళకున్నాయి. గురువుగారి ముందు అవి ఎలా మాట్లాడతారు. బాబాయ్ గబగబా తినేసి, పళ్ళెం తానే కడిగి పెట్టి, ఇంజన్ గదిలోకి దిగిపోయేవాడు. తలుపు మూసుకోగానే వెనకాల మళ్ళీ నవ్వులు వినపడేవి.

*

ఆ గోడ కాస్త కదిలింది అల్లుడి వల్ల.

నీళ్ళలో పడ్డ మనిషిని పైకి లాగడం నేర్చుకోడానికి ప్రతి ఓడలోనూ ఒక బొమ్మమనిషి ఉంటాడు. మందపాటి గుడ్డలో గుడ్డపేలికలూ ఇసుకా కూరి, మనిషంత బరువు చేసి, పాత పని సూటు తొడుగుతారు. కొత్తవాళ్ళు సాధన కోసం దాన్ని అరలోంచి బయటికి లాగారు. లాగినవాణ్ణి అందరూ ఈలగాడు అంటారు, నోరు ఖాళీగా ఉంటే ఈల వేస్తూనే ఉంటాడు గనక. బొమ్మ ఛాతీ మీద సున్నంతో రాసిన అక్షరాలు చూసి, ఈ 'అల్లుడు' ఎవరండీ అని అడిగాడు.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "అల్లుడు కాక మరేంటి. పని చెయ్యడు. ఎప్పుడు చూసినా పడుకునే ఉంటాడు. అయినా నలుగురం కలిసి మొయ్యాల్సిందే" అన్నాడు.

డెక్కంతా నవ్వింది. ఇంజన్ పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. వాళ్ళ నవ్వు తన మూలంగా పుట్టడం బాబాయ్‌కి అదే మొదటిసారి. ఒళ్ళంతా వెచ్చబడింది. దాంతో ఊరుకున్నాడా, లేదు. ఆ సాయంత్రం లెక్క దగ్గర, తన అంకె చెప్పాక, బొమ్మని పక్కన నిలబెట్టి దాని చెయ్యెత్తి, "ముప్పై ఎనిమిదండీ" అనిపించాడు. పాత సిబ్బంది పండగపూట చేసే వేళాకోళం అది. మర్యాద కెప్టెను కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఇక అక్కణ్ణించి అల్లుడి బాధ్యత ఈలగాడు తీసుకున్నాడు. లెక్క దగ్గర బొమ్మని భుజాన వేసుకొచ్చేవాడు. అచ్చం బాబాయ్ గొంతుతో, అదే సాగదీతతో, "ముప్పై ఎనిమిదండీ" అనేవాడు. వెనక్కి తిరిగి వింటే ఎవరిదేదో తెలిసేది కాదు. బాబాయ్‌కి కోపం రాలేదు సరికదా, మురిసిపోయాడు. తన గొంతు నేర్చుకునేంత శ్రద్ధ ఎవరు పెట్టారు గనక ఇన్నాళ్ళూ. భోజనాల దగ్గర కూడా ఇప్పుడు మాటలు ఆగిపోవడం లేదు. అయితే వాళ్ళు అడిగేదంతా అల్లుడి గురించే. అల్లుడికి ఇంకేం అలవాట్లున్నాయి, అల్లుడు ఎప్పుడైనా అలిగాడా అని. బాబాయ్ గురించి ఎవరూ ఏమీ అడగలేదు. సరేలే, దారిలో పడ్డాం కదా అనుకున్నాడు.

*

గాలి తిరుగుతుందని, మధ్యాహ్నానికి సముద్రం లేస్తుందని చెప్పిన రోజు పొద్దున్న, ఫలహారం కాగానే బాబాయ్ చుక్కాని గదిలోకి దిగాడు. అది ఓడ వెనక డెక్కు కింద ఉన్న ఇరుకు గది. నిచ్చెన మీదుగా దిగాలి, పైన ఇనప మూత. చుక్కాని ఇరుసు ఓడ అడుగుని చీల్చుకుని కిందికి పోయేది అక్కడే. ఇరుసు చుట్టూ నీళ్ళు రాకుండా పేనిన తాడు కూరి, దాని మీద కంకణం వేసి నట్లతో బిగిస్తారు. మరీ బిగిస్తే ఇరుసు అరుగుతుంది, వదులు చేస్తే సముద్రం లోపలికొస్తుంది. చుక్కాని తిప్పే పంపు పక్కనే కీచుమంటూ ఉంటుంది కాబట్టి చెవులకి మూతలు పెట్టుకుని, పంపు వెనక్కి వంగి, గ్రీజు కొడుతూ కూర్చున్నాడు.

పని ముగించి నిచ్చెనెక్కి చూస్తే మూత బిగించి ఉంది. గాలివాన ముందు డెక్కు మీది మూతలన్నీ బిగించడం ఆనవాయితీ. బిగించేముందు లోపలెవరైనా ఉన్నారా అని కేకెయ్యడమూ ఆనవాయితీయే. కేకేసే ఉంటారు, చెవి మూతల్లోంచి వినపడలేదు. లోపల్నించి తిప్పే పిడి ఊడిపోయి చాలా కాలమైంది. ఇచ్చేసే ఓడకి ఇప్పుడు పిడి ఎందుకులే అని పాత సిబ్బంది వదిలేశారు. అలా అన్నవాళ్ళలో తనూ ఒకడు. గోడకున్న ఫోను దానికంటే ముందే చచ్చింది.

బాబాయ్ చేతిలో పానా ఉంది. మూత మీద నాలుగు దెబ్బలు కొడితే డెక్కు మీద ఎవరో ఒకరు వింటారు. పానా ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇంకాసేపట్లో పొద్దుటి లెక్క. సరిగ్గా తన నెత్తి మీదే జరుగుతుంది. ముప్పై ఆరు దాకా వచ్చి ఆగుతుంది. ముప్పై ఏడేడీ అంటాడు కెప్టెను. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. బాబాయ్ ఏడీ, బాబాయ్ ఏడీ అని ఓడంతా పరుగులు పెడతారు. ఇంజన్ పెద్దావిడ కళ్ళజోడు ఊగుతూ ఉంటే నిచ్చెనలు దిగుతుంది. ఇదంతా కళ్ళకి కట్టింది. ఒక్కసారి, ఒక్కసారి తనని ఎవరైనా వెతికితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధి అని కూడా అనిపించింది. అయినా పానా కిందికి దించి, చెవి మూతలు తీసి మెడకి తగిలించుకుని, నిచ్చెన పై మెట్టు మీద నూనెగుడ్డ మడిచి వేసుకుని, తల ఇనుముకి ఆనించి కూర్చున్నాడు.

బూట్ల చప్పుడు మొదలైంది. వరస కట్టారు. ఒకటి, రెండు, మూడు. కొన్ని గొంతులు గాలికి కొట్టుకుపోతున్నాయి గానీ అంకెలు తెలుస్తూనే ఉన్నాయి. ముప్పై నాలుగు. ముప్పై ఐదు. ముప్పై ఆరు. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఆయనది, ఆయనకోసం వచ్చింది.

"ముప్పై ఏడండీ."

తన గొంతే. అదే సాగదీత. ఆ వెంటనే పకపకా నవ్వులు, ఎవరో అల్లుడి వీపు మీద చరిచిన చప్పుడు. లెక్క సరిపోయిందన్నాడు కెప్టెను. బూట్లు విడిపోయాయి. గాలి పెరుగుతున్నట్టుంది, అందరూ గబగబా లోపలికి వెళ్ళిపోయి తలుపు లాగేసుకున్నారు.

బాబాయ్ అలాగే కూర్చుండిపోయాడు. ఈలగాడి మనసు ఆయనకి తెలుసు. బాబాయ్ ఎక్కడో చేతులు తుడుచుకుంటూ ఉంటాడు, ఆలస్యమైందని మాట పడకూడదని సాయం చేశాడు వాడు. తప్పు పట్టడానికి లేదు. వేళాకోళం నేర్పింది తను. గొంతు అరువిచ్చింది తను. తను లేకపోయినా లెక్క సరిపోయేలా చేసుకున్నది తనే. ఏడుపొచ్చింది. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి ఆపుకోలేదు.

ఆ తర్వాత సముద్రం లేచింది. ఇప్పుడు నిజంగానే పానాతో మూత మీద కొట్టాడు. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాడు. డెక్కు మీద కెరటాలు విరుగుతుంటే ఆ దెబ్బలు ఎవరికి వినపడతాయి. కొట్టాల్సినప్పుడు కొట్టలేదు, ఇప్పుడు కొట్టి లాభం లేదు. కింద నీళ్ళ చప్పుడు వినిపించి దిగి చూస్తే ఇరుసు కంకణం దగ్గర ధార కారుతోంది. చుక్కాని అటూ ఇటూ కొట్టుకుంటోంది, కాలు అడ్డం పడితే నుజ్జే. బాబాయ్ గోడకి వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి, అదను చూసి ఒక్కో నట్టూ కొద్దికొద్దిగా బిగించాడు. ధార చుక్కలయ్యేదాకా బిగించాడు. మళ్ళీ కారితే మళ్ళీ బిగించాడు. వాంతులయ్యాయి. నోరు తుడుచుకుని మళ్ళీ పానా పట్టుకున్నాడు. ఆ పని ఎవరూ చూడటం లేదన్న సంగతి గుర్తొస్తే ఒక్కోసారి కసిగా ఉంది, ఒక్కోసారి ఏమీ అనిపించలేదు.

మధ్యలో కుడి ఇంజను గొంతు పడిపోయింది. గోడలోంచి పాదాల్లోకి తెలిసింది. మడ్డి కదిలింది, డబ్బా మూసుకుపోయింది. బాబాయ్ చెయ్యి తనంతట తానే గాల్లో లేచి, లేని మీట కోసం వెతికింది. తిప్పు, తల్లీ, తిప్పు అనుకున్నాడు పైకే. ఇప్పుడు ఇంజను ఆగిపోతే తన కోసం పరిగెత్తుకొస్తారు. బాబాయ్ ఏడీ అని అప్పుడైనా అడుగుతారు. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడేలోపే ఇంజను గొంతు మళ్ళీ నిండుగా పలికింది. సకాలంలో తిప్పేసింది ఆవిడ. ఎంత గర్వంగా అనిపించిందో అంత దిగులుగానూ అనిపించింది. నేర్పడం పూర్తయింది. ఈ ఓడకి ఇక తనతో పని లేదు.

సాయంత్రానికి కెరటాలు సద్దుమణిగాయి. పైన తలుపు తెరుచుకుంది. ఎవరో ఒక్కరే నడుస్తున్నారు. ఇంకాసేపట్లో సాయంత్రం లెక్క. మళ్ళీ తన గొంతుతో ఇంకొకడు పలుకుతాడా, లేక ఈసారి గమనిస్తారా. బాబాయ్ నిచ్చెన ఎక్కాడు. గమనిస్తారేమోనన్న ఆశ ఇంకా చావలేదు, అది అంత తేలిగ్గా చచ్చేది కాదు. కానీ నడుం పడిపోతోంది, దాహంగా ఉంది, ఇంకో లెక్క వినే ఓపిక ఆయనకి లేదు. పానా ఎత్తి మూత మీద కొట్టాడు.

"నేనున్నాను. ఇక్కడున్నాను" అన్నాడు. గొంతు బొంగురుపోయింది. మళ్ళీ అన్నాడు.

*

మూత తెరిచింది ఇంజన్ పెద్దావిడ. గాలివాన వెలిశాక ప్రతి గదీ తెరిచి నీళ్ళు చూడాలని బాబాయే చెప్పాడు కదా, అందుకని వచ్చింది. ఆయన్ని వెతుక్కుంటూ రాలేదు. ఆ సంగతి ఆవిడ మొహం చూడగానే బాబాయ్‌కి అర్థమైంది, ఎందుకంటే ఆవిడ చేతిలో టార్చి ఉంది, ఇంకో చేతిలో నీళ్ళ లోతు కొలిచే కడ్డీ ఉంది.

పొద్దుట్నించీ ఇక్కడేనా అని అడిగింది గానీ, జవాబు రాకముందే ఆవిడకే తెలిసిపోయింది. కడ్డీ డెక్కు మీద పడేసి, చంకల కింద చేతులేసి ఆయన్ని పైకి లాగింది. అందరూ మూగారు. కడుపులో తిప్పి మంచమెక్కారేమో అనుకున్నామని ఒకరన్నారు. ఆ పూట భోజనాలకి సగంమంది లేవనే లేదట. ఈలగాడు మూత బిగించింది తనే అన్నాడు. కేకేశానన్నాడు, రెండుసార్లు కేకేశానన్నాడు. మొహం పాలిపోయింది. ఈల వెయ్యడానికి నోట్లో తడి కూడా ఉన్నట్టు లేదు.

కెప్టెను మర్యాద మొదటిసారి తప్పాడు. మొహాలు చూడకుండా గొంతుల్నే లెక్కపెట్టానని తనని తాను తిట్టుకుని, లెక్కలో ఆటలేంటని అరిచాడు. ఈ క్షణం నుంచి అల్లుడు అరలో ఉండాలి, లెక్కలో ఇంకొకరి బదులు ఎవరైనా నోరు విప్పితే రేవులో దించేస్తానన్నాడు. తర్వాత బాబాయ్ వైపు తిరిగాడు. "లెక్క మీ నెత్తి మీదే జరిగింది కదండీ. అప్పుడే ఎందుకు కొట్టలేదు?"

"చెవులకి మూతలున్నాయండీ. వినపడలేదు" అన్నాడు బాబాయ్.

అప్పటికే ఇంజన్ పెద్దావిడ నిచ్చెన దిగి లోపల చూసొచ్చింది. బిగించిన నట్లు చూసింది, ధార ఆగిన చోటు చూసింది. పై మెట్టు మీద, తల ఇనుముకి ఆనే చోట, కూర్చోడానికి వీలుగా మడిచి పెట్టుకున్న నూనెగుడ్డ కూడా చూసింది. అందరి ముందూ ఏమీ అనలేదు. ఆయన్ని వంటగది పక్కకి తీసుకెళ్ళి, టీ చేతికిచ్చి, ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఆయన తాగేదాకా ఊరుకుంది.

"మా ఆయన పోయిన కొత్తల్లో నేనూ ఒక రోజు తలుపేసుకుని కూర్చున్నాను. ఎవరొచ్చి పిలుస్తారో చూద్దామని" అంది.

బాబాయ్ కప్పులోకే చూస్తూ, "ఎవరు పిలిచారు?" అని అడిగాడు.

"ఎవరూ పిలవలేదు. మా అత్తగారు పక్క గదిలోనే ఉన్నారు. పడుకున్నాననుకున్నారట. సాయంత్రానికి ఆకలేసి నేనే బయటికొచ్చాను."

ఇద్దరూ నవ్వారు. నవ్వొచ్చే సంగతి కాదు, అయినా నవ్వొచ్చింది. కాసేపాగి ఆవిడ, "వాళ్ళు చెడ్డవాళ్ళు కాదండీ. తలుపవతల ఉన్నవాళ్ళకి తెలీదు, అంతే. కొట్టాలి" అంది. ఇంజను చూసిరావాలని లేచి వెళ్ళిపోయింది. బాబాయ్ రెండో కప్పు తనే అడిగి పోయించుకున్నాడు.

మర్నాడు లెక్క దగ్గర ఎవరూ నవ్వలేదు. ముప్పై ఆరు తర్వాత, "ముప్పై ఏడండీ" అని బాబాయే చెప్పుకున్నాడు. ఈలగాడు ఆయన మొహం చూడలేక నేల చూపులు చూశాడు. భోజనాల దగ్గర వాళ్ళ మాటలు మళ్ళీ ఆగిపోవడం మొదలైంది. ఈసారి గౌరవంతో కాదు, తప్పు చేశామని. ఏ రకంగా ఆగినా ఆగడం ఆగడమే. బాబాయ్ పళ్ళెం తీసుకుని కిందికి దిగిపోతూ దిగిపోతూ ఆగాడు. ఈలగాడి పక్కన ఖాళీ ఉంటే వెళ్ళి కూర్చుని, ఆ గిన్నె ఇటు జరపమన్నాడు. వాడు జరిపాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు గానీ చివరిదాకా కూర్చుని తిన్నారు.

*

కొత్త రేవులో ఓడకి స్వాగతం బాగానే జరిగింది. జెండా ఎగరేశారు, వాయిద్యాలు వాయించారు, పెద్దలు ఉపన్యాసాలిచ్చారు. ఓడ ముక్కు మీద పాత పేరు గీకేసిన చోట కొత్త పేరు తళతళలాడింది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు మాత్రం కింద పాత అక్షరాల గీతలు కనిపించాయి. సిబ్బంది ఇళ్ళవాళ్ళు గట్టు మీదికి వచ్చారు. ముప్పై ఆరుగురినీ వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఉన్నారు. బాబాయ్ ఆ గుంపులోంచి పక్కకి తప్పుకుని, సంచీ సర్దుకోడానికి ఓడలోకి వెళ్ళాడు.

పని సూటు మోకాలు దగ్గర తనే కుట్టుకున్న అతుకు, జేబు మీద వదలని మరక. ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకోవాలి. ఇంజన్ గదిలో కొక్కేనికి తగిలించి, చింపి తుడుపుగుడ్డలు చేసుకోండమ్మా అన్నాడు పెద్దావిడతో. ఆవిడ సరేనంది. చెయ్యి చాపింది. ఆయన నూనెచెయ్యి తుడుచుకుని ఇచ్చాడు. మెట్లు దిగబోతుంటే కెప్టెను కూడా ఆపి, మీకు మేం చాలా రుణపడి ఉన్నామన్నాడు, మళ్ళీ ఎప్పటి మర్యాదతోనే.

ఓడకి విశ్రాంతి లేదు. ఆ సాయంత్రమే మొదటి గస్తీకి వెళ్ళమని ఉత్తరువొచ్చింది. బాబాయ్‌ని తీసుకెళ్ళే కారు ఇంకా రాలేదు. గట్టు మీద సంచీ పెట్టుకుని, దాని మీద కూర్చుని, చెల్లెలికి ఫోన్ చేశాడు.

ఎప్పుడొస్తున్నావన్నయ్యా అని అడిగింది ఆవిడ. రేపేనన్నాడు. సరే, ఆ రోజుకి మిషను జరిపిస్తానంది.

బాబాయ్‌కి అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"ఆ రోజుకి కాదమ్మా. పూర్తిగా జరిపించు. నాకు ఆ గది కావాలి" అన్నాడు.

"అయ్యో, అడగొచ్చు కదరా అన్నయ్యా. నువ్వే జరపొద్దన్నావని అలాగే ఉంచాను" అంది. ఆ తర్వాత ఏం వండను అని అడిగింది. నీకు తోచింది వండు అనబోయి, ఆగి, గుత్తి వంకాయ కూర వండమని చెప్పాడు.

ఇళ్ళవాళ్ళు వెళ్ళిపోయారు. ఓడ తాళ్ళు ఒక్కోటే విప్పుతున్నారు. వెనక తాడు దగ్గర గట్టు కూలీ ఎవరూ లేరు, టీకి పోయినట్టున్నారు. బాబాయ్ లేచి, ఇనప గుంజకి వేసిన ఆ లావుపాటి తాడు కొస పైకెత్తి నీళ్ళలోకి వదిలాడు. ఓడ మీద ఎవరో దాన్ని గబగబా లాక్కున్నారు. ఓడకీ గట్టుకీ మధ్య నీళ్ళు కనిపించాయి, వెడల్పయ్యాయి.

వెనక డెక్కు మీద లెక్క మొదలైంది. బాబాయ్ కూర్చోబోయి నిలబడిపోయాడు. ఎన్నో ఏళ్ళ అలవాటు, లెక్క జరుగుతుంటే కూర్చోలేడు. ముప్పై నాలుగు. ముప్పై ఐదు. ముప్పై ఆరు. ఆగింది. ఆగాల్సిందే, ఇక వాళ్ళు ముప్పై ఆరుగురే. సంచీ అందుకోడానికి వంగాడు.

"ముప్పై ఏడు, హాజరు."

ఈలగాడి గొంతు. వేళాకోళం లేదు, సాగదీత లేదు, వాడి సొంత గొంతు. బాబాయ్ తలెత్తి చూశాడు. రెయిలింగు పక్కన, వరస చివర, ఇప్పటిదాకా తను నిలబడ్డ చోట, అల్లుణ్ణి నిలబెట్టి తాడుతో కట్టారు. అల్లుడి ఒంటి మీద తన సూటు ఉంది. మోకాలి మీద అతుకు ఇంత దూరానికి కూడా తెలుస్తోంది. ఛాతీ మీద సున్నంతో రాసిన మాటని ఆ సూటు కప్పేసింది. పక్కన ఇంజన్ పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని నిలబడి ఉంది.

ఎవరూ నవ్వలేదు. అందరూ కెప్టెను వైపు చూస్తున్నారు. ఆయన అల్లుడి ఒంటి మీది సూటు చూశాడు, గట్టు మీది బాబాయ్‌ని చూశాడు. తర్వాత లెక్క సరిపోయిందన్నాడు, గట్టు దాకా వినపడేంత గట్టిగా.

ఓడ మలుపు తిరిగేదాకా బాబాయ్ చెయ్యెత్తే నిలబడ్డాడు. ఈసారి చేతిలో ఏమీ లేదు. కారు వచ్చి గేటు బయట ఆగింది. అటు నడుస్తుంటే గేటు దగ్గర కాపలా మనిషి అడ్డం వచ్చి, బయటికెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వనని, ఇంతకీ మీరు ఓడ మనిషా, బయటి మనిషా అని అడిగాడు.

"ఓడ మనిషినే. సెలవు మీద ఇంటికెళ్తున్నాను" అన్నాడు బాబాయ్.